తుపాకీ మూతిలో గూడు

మా ఇంటి హాల్లో పడమటి గోడకి, రెండు చిలక్కొయ్యల మీద, ఒక తుపాకీ ఉండేది. జంట గొట్టాలది. కొత్తకోడలిగా కుడికాలు లోపల పెట్టి తలెత్తినప్పుడు నాకు మొదట కనబడింది అదే. అక్కడే ఆగిపోయాను. వెనక వస్తున్న పేరంటాళ్ళు ఒకరికొకరు తగిలి ఆగారు. మా అత్తగారు నా చెవి దగ్గరకి వంగి, "అది మీ మావయ్యగారిదమ్మా. అదేం మాట్లాడదు. మాట్లాడేది ఆయనే" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ కళ్ళు దాని మీంచి రాలేదు.

మాది కొత్తపేటకి దగ్గర ఊరు. నేను పుట్టింది మాత్రం గోదావరి నడుమ లంకలో, కపిలేశ్వరపురం వైపు. బడికి వెళ్ళాలంటే రేవు దాటాలి. పడవంటే మా నాయనమ్మకి భయం. అందుకని మా తాతగారే నన్ను అరుగు మీద కూర్చోబెట్టి ఇసకలో అక్షరాలు దిద్దించారు, ఎక్కాలు చెప్పారు, పురాణం చదివించారు. అంతే నా చదువు. దానికి నేనెప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. ఆయన చెప్పిన మాటలు ఈ వయసులో కూడా ఎక్కడో ఒకచోట నాకు ఎదురవుతూనే ఉంటాయి. అలా ఎదురైనప్పుడల్లా ఆయనకి మనసులో ఒక దణ్ణం పెట్టుకుంటాను.

తుపాకీ మా మామగారి తండ్రి నాటిది. లంక పొలంలో కందా, కర్రపెండలం వేసే రోజుల్లో అడవిపందులు రాత్రికి రాత్రే చేను దున్నేసి పోయేవట. వాటిని బెదరగొట్టడానికని లైసెన్సు తీసుకున్నారు. ఆయన పోయాక మా మామగారి పేరుకి మారింది. నేను కాపరానికి వచ్చేనాటికే ఆ లంకలో సగం గోదావరి తీసుకుపోయింది. మిగిలిన సగంలో కొబ్బరి, అరటి. తుపాకీ పేలగా నేను ఒక్కసారీ వినలేదు.

దసరాకి మాత్రం దాన్ని దించేవారు. ఆయుధపూజకి కత్తిపీట, కొబ్బరి దింపే కత్తి, మా వారి మోటారుసైకిలు తాళాలు, వీటన్నిటితోపాటు అదీ పీట మీదకి వచ్చేది. పూజకి ముందు మా మామగారు దాన్ని మధ్యకి మడిచి తెరిచేవారు. గొట్టాలు దీపం వైపు పెట్టి, "చూడమ్మా, ఖాళీయే కదా" అని ముందు మా అత్తగారికి, తరవాత నాకు చూపించేవారు. ఇంటి ఆడవాళ్ళు చూసి ఖాళీ అని చెబితేగాని దేవుడి ముందు పెట్టకూడదని ఆయన తండ్రి పెట్టిన నియమం. మొదటిసారి నేను కన్ను ఆనించినప్పుడు లోపలంతా చీకటిగా ఉంటుందనుకున్నాను. చీకటి లేదు. అద్దంలా మెరిసే గుండ్రటి దారి, వలయంలో వలయం, అలా అలా సన్నబడుతూ వెళ్ళి, ఆ చివర దీపం. ప్రాణం తీసే వస్తువు కడుపులో ఇంత వెలుగు ఉంటుందని నాకు తెలియదు. "ఖాళీయేనండీ మావయ్యగారూ" అనడానికి కొంచెం సేపు పట్టింది.

తుపాకీ దగ్గర ఆయనకున్నంత నియమం పూజగదిలో కూడా ఉండేది కాదు. దాని మూతి మనిషి వైపు తిరగనిచ్చేవారు కాదు. తూటాలు వేరే బీరువాలో. ఆ తాళంచెవి ఆయన మొలతాడుకి. కానీ ఆ నియమం ఇంకొకరు వచ్చి చెబితే మాత్రం ఆయనకి ఒళ్ళు మండేది. ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి. ఎన్నికలయ్యాక తెచ్చుకోవాలి. అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. ఆయన ప్రతిసారీ అప్పగించారు. ప్రతిసారీ గడువు ఆఖరిరోజు దాకా ఆగి, తెల్లపంచె కట్టుకుని, చావు కబురు మోసుకెళ్ళేవాడిలా మొహం పెట్టుకుని వెళ్ళేవారు. వచ్చాక ఆ రెండు ఖాళీ కొయ్యల వైపు వీపు పెట్టి కూర్చుని అన్నం తినేవారు.

మొన్నటి ఎన్నికల ముందు, చైత్రంలో, మా తోడికోడలు మా ఇంటికి వచ్చింది. మా మరిది మామిడికుదురు దగ్గర గ్యాసు ప్లాంటులో భద్రత చూసే విభాగంలో పనిచేస్తాడు. కాపరం అక్కడే. ఆమెకి అప్పుడు ఐదోనెల. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఈసారి మంచం దిగొద్దని అమలాపురంలో డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. పుట్టిల్లు రాజోలు వైపే గానీ వాళ్ళమ్మగారు కువైట్‌లో ఒకరింట్లో పనికి ఉన్నారు, సెలవు దొరకలేదు. మా అత్తగారు అప్పటికే పోయారు. నేనే వెళ్ళి కారులో నెమ్మదిగా తీసుకొచ్చాను. హాల్లో గాలి బాగా వస్తుందని మంచం అక్కడే వేశాం.

ఎదురుగోడ మీద తుపాకీ.

"అక్కా, కళ్ళు తెరిస్తే అదే కనబడతంది. పడుకునే ముందు కూడా అదే. దాన్ని ఎక్కడికన్నా మార్చకూడదా" అంది మొదటిరోజే.

"మావయ్యగారిని అడుగు."

"నువ్వడుగు."

"నేను ఇన్నేళ్ళలో ఆయన్ని అడిగింది ఉప్పు సరిపోయిందా అని మాత్రవే" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం గానీ ఆమె మంచం పక్క గోడవైపు తిరిగి పడుకుంది. రాబోయే బిడ్డ కళ్ళ ముందు తుపాకీ ఉండకూడదన్నది ఆమె బాధ. ఆ మాట బయటికి అనలేదు. చెయ్యి పొట్టమీద పెట్టుకుంది, అంతే.

ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో పెసలు ఏరుతుంటే పిలిచింది. "అక్కా, ఇలా రా. చప్పుడు చెయ్యకు."

వెళ్ళి చూస్తే ఒక కందిరీగ. నడుము దారంలా ఉంది. ముందుకాళ్ళ మధ్య మిరియపుగింజంత తడిమట్టి ముద్ద పట్టుకుని తుపాకీ మూతి దగ్గర వాలింది. ఎడమ గొట్టంలోకి తల దూర్చింది. లోపలినుంచి సన్నగా ఒక నాదం మొదలైంది. తంబురా తీగ ఒకటి మీటి వదిలేసినట్టు. మట్టిని అదిమి పులమడానికి అది అలా రొద చేస్తుందని తరవాత తెలిసింది గానీ, ఆ క్షణాన మాత్రం ఆ ఇనుము పాడుతోందనిపించింది. నేను చేతిలో చేటతో అలాగే నిలబడిపోయాను.

మా వైపు ఒక మాట ఉంది. కందిరీగ ఇంట్లో మట్టిగూడు కడితే ఆ ఇంట పురుడు పోసుకుంటుందని. కట్టిన గూడు చెదపకూడదని. కిటికీరెక్క వెనక కట్టినా, దేవుడి పటం వెనక కట్టినా, ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంటే దాన్ని ముట్టుకోరు. నేను ఆ మాట అనేలోపే ఆమె కళ్ళల్లో నీళ్ళు.

"మా అమ్మ రాలేకపోయింది. ఇది వచ్చింది చూడు" అంది.

ఆ రోజునుంచి ఆమె గోడవైపు తిరగలేదు. తుపాకీ వైపే తిరిగి పడుకునేది. కందిరీగ ఆకుపచ్చ పురుగుల్ని మోసుకొచ్చి లోపల పెట్టేది. తరవాత మట్టి తెచ్చేది. మళ్ళీ పురుగు. ఎండ వాలేదాకా అదే పని. మా అరుగు చూరులో ఇలాంటి గూడే కడుతుంటే చేతులు కట్టుకుని చూస్తూ మా తాతగారు చెప్పిన భ్రమరకీటక న్యాయం నాకు గుర్తొచ్చింది. తుమ్మెద ఒక పురుగుని తెచ్చి గూట్లో పెట్టి, దాని చుట్టూ ఝుమ్మని తిరుగుతుందట. ఆ నాదం వింటూ, ఆ తుమ్మెదనే తలుచుకుంటూ, ఆ పురుగు చివరికి తుమ్మెదే అయిపోతుందట. భక్తుడు దేవుణ్ణి అలా తలవాలని చెప్పేవారు. నేను అది మా తోడికోడలికి చెప్పాను. ఆదివారం వచ్చిన మా మరిది విని నెమ్మదిగా అన్నాడు:

"వదినా, ఏవీ అనుకోకండి. ఆ పురుగు మారదండి. లోపల అది గుడ్డు పెడతంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగుని తింటది."

నేను మళ్ళీ గూడు వైపు చూశాను. తరవాత ఇంకా పెద్ద ఆశ్చర్యం పట్టుకుంది. తను చూడబోని బిడ్డకి, తను తినని తిండి, తను ఉండబోని ఇంట్లో సర్ది పెట్టి వెళ్ళిపోతోంది. మా తాతగారు చెప్పింది తప్పయినా, ఆయన ఎందుకు అంతసేపు చేతులు కట్టుకుని దాన్ని చూశారో నాకు అర్థమైంది.

అదే ఆదివారం స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. తుపాకీ ఇంకా అప్పగించలేదని. రేపు సాయంత్రం ఆఖరని.

మా మామగారు ఫోను బల్లమీద పెట్టి, "ఈసారి ఇవ్వటం కుదరదు" అన్నారు.

మా మరిది తింటున్న జంతిక ప్లేట్లో పెట్టాడు. "అదేంటండి నాన్నగారూ."

"ఎదురుగా కనబడతందిగా. గూడు కట్టింది. ఇంట్లో పిల్ల కడుపుతో ఉంది. గూడు తీసుకెళ్ళి స్టేషన్లో పెడతానా?"

"గూటికోసం కాదు మీరు ఆపింది. కిందటిసారి గూడు లేదు, అప్పుడూ ఇలాగే అన్నారు."

"అన్నాను. ఇప్పుడూ అంటాను. నా గోడమీద నా తుపాకీ ఉంటే ఎన్నికలకి ఏం నష్టంరా? ఓటు వెయ్యనోడిని కాలుస్తానా? మా నాన్న నుంచి ఇప్పటిదాకా దీని మూతి మనిషి వైపు తిరగలేదు. అది వాళ్ళకి తెలీదా?"

"తెలుసండి. మీకోసం పెట్టిన రూలు కాదు కదండి అది."

"మరి నాకెందుకు?"

"మా ప్లాంటు గేటు దగ్గర అగ్గిపెట్టె ఇచ్చేసి లోపలికెళ్ళాలండి. నేను బీడీ ముట్టనని అందరికీ తెలుసు. అయినా నా జేబూ తడుముతారు, మేనేజరుగారి జేబూ తడుముతారు. ఇతను మంచోడు, ఇతన్ని వదిలెయ్ అనటం మొదలెడితే ఏదో రోజు అగ్గిపెట్టె లోపలికెళ్ళిపోద్దండి. కింద ఉన్నది గ్యాసు."

"మంచోడికీ చెడ్డోడికీ ఒకటే తాళవా?"

"తాళానికి మనిషి మొహం తెలీదండి. అందుకే అది తాళం."

మా మామగారు లేచి కిటికీ దగ్గరకి వెళ్ళారు. ఆయన కోపంగా ఉన్నప్పుడు కూర్చోలేరు. "గోదావరి లంకని ముంచేసిన ఆ వరద నీకు తెలీదు. నువ్వు పుట్టలేదు. లంకలో పదిళ్ళవాళ్ళం కప్పులమీద ఉన్నాం. రెండు పూటలు. ప్రభుత్వం రాలేదు. మా నాన్న కప్పు మీంచి ఈ తుపాకీ పైకెత్తి పేల్చేరు. ఆ చప్పుడుకి అవతలి గట్టునుంచి పడవలు వచ్చేయి. నీళ్ళు తీసేక వచ్చేరు ఆఫీసర్లు, జీపులో. ప్రభుత్వం వచ్చేలోపు మనిషి చేతిలో తనదంటూ ఏదో ఒకటి ఉండాలిరా. అంతే నేననేది."

అది నేను అంతకుముందు విన్నదే. విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ చప్పుడు లేకపోతే మా వారే లేరు, ఈ ఇల్లే లేదు. మా మరిదికీ అది తెలుసు.

"ఆయ్, నిజవేనండి" అన్నాడు. "కాదన్లేను. కానీ ఎక్కడో దేశాల్లో ఎవరికి కావాలంటే వాళ్ళకి దుకాణంలో తుపాకీ ఇచ్చేస్తారటండి. అక్కడ బడిలో పిల్లలకి పాఠంతోపాటు బల్లకింద దాక్కోవడం నేర్పిస్తారటండి. మన పిల్లలకి అది రాదు. ఎందుకు రాదు? మీలాంటోళ్ళు చిరాకు పడుతూనే అయినా తీసుకెళ్ళి ఇచ్చేరు కాబట్టి."

"అదీ, నాటుతుపాకీ దాచుకున్నోడు ఇస్తాడా స్టేషన్లో? ఇచ్చేది నేను. నా ఒక్కడికే రూలు."

మా వారు అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని కొబ్బరికాయలు ఒలిపించిన కూలీల లెక్క సెల్‌ఫోనులో చూసుకుంటున్నారు. తలెత్తకుండా, "ఇద్దరూ కరెక్టే. ఎవరో ఒకరు ఓడిపోండి, అన్నం తిందాం" అన్నారు.

"నువ్వు ఎవరి వైపురా?" అన్నారు మా మామగారు.

"వంటింటి వైపండి."

నేను నవ్వు ఆపుకుంటూ విస్తళ్ళు కడగడానికి లేచాను. ఆ నవ్వులోనే మా మరిది లేచి వెళ్ళి, తుపాకీ గొట్టాలు తుడిచే ఇనపఊచ బీరువా పైనుంచి తీశాడు. "ఎంత గూడు ఉంటదండి, చిటికెడు మట్టి. తీసేసి నేనే స్టేషన్‌కి పట్టుకెళ్తాను. నాన్నగారి లైసెన్సు పోకుండా ఉంటది" అన్నాడు. ఇచ్చిన గడువు దాటితే లైసెన్సు రద్దు చెయ్యొచ్చు, కేసు కూడా పెట్టొచ్చు. అతని భయం అదే. తండ్రి ఈ వయసులో స్టేషన్ బెంచీమీద కూర్చోకూడదని.

మంచంమీంచి మా తోడికోడలు అంది, గొంతు పెంచకుండానే: "అది ముడితే నేను లేచి నడుస్తాను."

ఊచ పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. మంచం దిగొద్దని చెప్పిన పిల్ల అప్పటికే ఒక మోచెయ్యి మీద లేచింది.

"విన్నావా?" అన్నారు మా మామగారు, గెలిచినట్టు.

ఆమె ఆయన వైపు తిరిగింది. "మావయ్యగారండీ, మీకు కూడా చెప్తున్నానండి. తప్పయితే క్షమించండి. గూడు పూర్తయ్యేదాకా దాన్ని కదపొద్దు. పూర్తయ్యేక మాత్రం అది స్టేషన్‌కి వెళ్ళాలండి. తిరిగొచ్చేక నా బిడ్డకి ఎదురుగా గోడమీద ఉండకూడదండి."

ఆ ఇంట్లో ఆయనతో అలా మాట్లాడినవాళ్ళు అంతకుముందు లేరు. ఆయన కిటికీ ఊచ పట్టుకుని చాలాసేపు బయటికి చూశారు.

"పడుకో అమ్మా" అన్నారు. "ముందు పడుకో."

ఆమె పడుకుంది. ఊచ బీరువా పైకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం దీపం పెట్టి నేను అడిగినది ఒక్కటే. ఆ చిన్నప్రాణికి రేపు ఎండ ఇవ్వమని, మట్టి దొరికేలా చెయ్యమని. నవ్వుకుంటారేమో గానీ, పెరట్లో పంపు దగ్గర రెండు చెంబుల నీళ్ళు పోసి నేల తడిపి ఉంచాను కూడా. దేవుడికి చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు.

మర్నాడు మధ్యాహ్నం హెడ్ కానిస్టేబుల్ గారే వచ్చారు. చాలాఏళ్ళుగా తెలిసిన మనిషి. మా మామగారు గడువు ఆఖరి గంటకిగాని రారని ఆయనకి తెలుసు. ఎండలో పెద్దాయన్ని తిప్పడమెందుకని బండేసుకుని వచ్చారు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"బాబుగారండీ, బండి మీద మీరూ వచ్చేస్తే మన ఇద్దరికీ పనైపోతుందండి. తెరిచి ఒకసారి ఖాళీ చూపించేరంటే రాసేసుకుంటాను."

"తెరవటానికి లేదు" అన్నారు మా మామగారు, వేలెత్తి చూపిస్తూ.

ఆ వేళకి కందిరీగ మూతి దగ్గరే ఉంది. హెడ్డుగారు లేచి దగ్గరకి వెళ్ళి చూశారు. మంచంమీద ఉన్న మా తోడికోడలిని చూశారు. మళ్ళీ తుపాకీని చూశారు. వచ్చి కూర్చున్నారు.

"మా ఇంట్లో కరెంటు మీటరు పెట్టెలో కట్టిందండి, మా పెద్దమ్మాయప్పుడు. రీడింగు తియ్యడానికొచ్చినాయన మూత తెరుస్తానంటాడు, మా అమ్మ చీపురు పట్టుకుని తెరవనివ్వదు. రెండు నెలలు అందాజాగా రాసుకుపోయేడు." ఆయన గడియారం చూసుకున్నారు. "సాయంత్రం దాకా టైముందండి. కూచుంటాను. కానీ బాబుగారండీ, సాయంత్రం అయితే మాత్రం నాకు ఇంకో దారి లేదండి. ఏవనుకోవద్దు."

"ఏవనుకోను" అన్నారు మా మామగారు. అంత మర్యాదగా ఆయన చట్టంతో మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

ఇక మేమందరం కూర్చున్నాం. మా మరిది పనికి వెళ్ళకుండా ఆగిపోయాడు. నేను ఇచ్చిన టీ హెడ్డుగారి చేతిలో చల్లారిపోయింది. కందిరీగ కిటికీలోంచి వెళ్ళేది, పంపు దగ్గర వాలేది, ముద్ద పట్టుకుని వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆ నాదం. అది ఆగగానే మళ్ళీ వెళ్ళేది. గొట్టం మూతి కొద్దికొద్దిగా మూసుకుపోతోంది. ముందు వేలంత సందు, తరవాత బఠాణీగింజంత, తరవాత పెసరబద్దంత. హెడ్డుగారి ఫోను మోగితే ఆయన ఉలిక్కిపడి దాని నోరు నొక్కేశారు.

నేను చాలా గుళ్ళు చూశాను. ద్రాక్షారామంలో తెల్లవారుజామున తలుపులు తీసే వేళ, లోపల చీకట్లోంచి మొదటి హారతి కనబడుతుంటే, జనం మాటలు వాటంతటవే ఆగిపోతాయి. ఎవరూ ఊరుకోమని చెప్పరు. ఆ వేళ మా హాల్లో అలాంటి నిశ్శబ్దమే. ప్రభుత్వం కూర్చుంది, దానితో పడని పెద్దాయన కూర్చున్నారు, ఆయనతో పడని కొడుకు కూర్చున్నాడు. గోరంత ప్రాణి తన పని తను చేసుకుంటోంది. దానికి మాలో ఎవరి గొడవా తెలియదు. తను కడుతున్నది దేనిలోనో కూడా తెలియదు. చావుకోసం పోతపోసిన ఇనపగొట్టం దానికి మంచి ఇల్లుగా కనబడింది, అంతే. దాని కళ్ళతో ఒక్కసారి చూడగలిగితే ఈ లోకంలో ఇంకేమేం ఇళ్ళుగా కనబడతాయో అనుకున్నాను. కళ్ళు చెమ్మగిల్లాయి. ఎందుకో చెప్పలేను.

కిటికీ నీడ మంచం కోడు దాకా వచ్చినప్పుడు ఆఖరిముద్ద పెట్టింది. దాన్ని నున్నగా పులిమింది. గొట్టం అంచు చుట్టూ ఒకసారి నడిచింది. ఎగిరి గదిలో ఒక చుట్టు తిరిగి కిటికీలోంచి వెళ్ళిపోయింది. మేము ఇంకా కొంతసేపు చూశాం. రాలేదు.

మా మామగారు లేచారు. చేతులు కడుక్కొచ్చారు. తుపాకీని రెండు చేతులతో, పసిపిల్లని ఎత్తినట్టు, ఎక్కడా తగలకుండా దించారు. మంచం దగ్గరకి తీసుకెళ్ళి, మూతి గోడవైపు పెట్టి, మెల్లగా మడిచి తెరిచారు. అప్పటిదాకా ఖాళీ చూసి చెప్పమని ఆ పిల్లని ఆయన ఎప్పుడూ అడగలేదు. పండక్కి ఆమె ఎప్పుడూ పుట్టింటి దగ్గరే ఉండేది.

"చూడమ్మా. ఖాళీయే కదా."

ఆమె తల కొంచెం ఎత్తి చూసింది. కుడి గొట్టంలోంచి వెలుగు వచ్చింది. ఎడమదానిలోకి మా మరిది సెల్‌ఫోను లైటు వేశాడు. నిగనిగలాడే ఇనపదారి చివర చిన్న మట్టిగోడ, మీద వేలిముద్రల్లాంటి గీతలు.

"ఖాళీ కాదండి" అంది ఆమె. "తూటా లేదండి."

హెడ్డుగారు కూడా వంగి చూసి, "ఆయ్, తూటా లేదండి. అంతవరకే నాకు కావాలి" అన్నారు.

బండి కుదుపుతుందని మా వారు కారు తీశారు. మా మామగారు వెనకసీట్లో తుపాకీని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, మా అత్తగారి పాత పట్టుచీర ముక్క కింద పరుచుకుని కూర్చున్నారు. మా మరిది పక్కన. హెడ్డుగారి బండి ముందు నడిచింది. గుంత వచ్చినచోటల్లా ఆయన చెయ్యెత్తి చూపించారట, నెమ్మదిగా రమ్మని. స్టేషన్ సామాన్లగదిలో కిటికీ పక్కన పెట్టించి, "కిటికీ వెయ్యకండి" అని చెప్పి వచ్చారు మా మామగారు. ఆ రాత్రి ఆయన ఖాళీ కొయ్యలకి ఎదురుగా కూర్చునే అన్నం తిన్నారు.

ఎన్నికలయ్యాయి. ఎవరు గెలిచారో ఎవరు ఓడారో ఊరంతా మాట్లాడుకున్నారు. మా ఇంట్లో మాత్రం గూడు మాటే. తుపాకీ తెచ్చుకోవచ్చని కబురు వచ్చినప్పుడు మా మామగారు వెళ్ళి చూస్తే, మట్టిమూతకి శనగగింజంత రంధ్రం. ఒకరోజు పొద్దున్న కొత్త కందిరీగ ఒకటి బయటికొచ్చి, గొట్టం మీద రెక్కలు ఆరబెట్టుకుని, కిటికీలోంచి వెళ్ళిందని హెడ్డుగారు చెప్పారట. "స్టేషన్లోంచి సంతకం పెట్టకుండా విడుదలైంది అదొక్కటేనండి" అన్నారట.

మా తోడికోడలికి శ్రావణంలో ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. అమలాపురం ఆస్పత్రిలో ఆ పసిదాన్ని నా చేతిలో పెట్టినప్పుడు నేను చెప్పుకున్న కృతజ్ఞతల్లో డాక్టరమ్మ ఉన్నారు, దేవుడున్నాడు, హెడ్డుగారున్నారు. కందిరీగని కూడా మర్చిపోలేదు.

తుపాకీ మళ్ళీ చిలక్కొయ్యల మీదకి ఎక్కలేదు. స్టేషన్ నుంచి వచ్చిన రోజే మా మామగారు మెట్లకింద గదిలో గోడకి ఇనపపెట్టె బిగించుకున్నారు. దగ్గరుండి మరీ బిగింపించారు. మా మరిది గెలిచానన్న నవ్వు కూడా రానివ్వలేదు. అది ఆ అబ్బాయి మంచితనం. వాదన మాత్రం ఆగలేదు. పేపర్లో ఎక్కడ తుపాకీ మాట వచ్చినా ఒకరు చదివి ఇంకొకరికి వినిపిస్తారు. వరద గురించి ఈయన, గేటు దగ్గర అగ్గిపెట్టె గురించి అతను. ఇప్పటికీ ఇద్దరూ కరెక్టే అని మా వారు వంటింటి వైపే ఉన్నారు.

దసరాకి తుపాకీని పీట మీదకి తెచ్చినప్పుడు దీపంవైపు పెట్టి చూశాను. ఎడమ గొట్టం అంచున మట్టి ఉంగరంలా మిగిలి ఉంది. ఆయన ఊచ పెట్టలేదు. ఆ ఉంగరంలోంచి దీపం ఇంకా చిన్నగా, ఇంకా నిండుగా కనబడింది. నేను బొట్టు పెట్టి ఏమీ అడగలేదు.

పండగ వెళ్ళాక మా తోడికోడలు బిడ్డనెత్తుకుని మామిడికుదురు వెళ్ళిపోయింది. రోజూ దీపాలవేళకి ఫోను చేస్తుంది. ముందు నాతో పాలు, జలుబు, ఉగ్గు. తరవాత "మావయ్యగారికి ఇవ్వక్కా" అంటుంది. ఆయన ఫోను తీసుకుంటారు. అటువైపు ప్రశ్న రోజూ ఒకటే, నాకు వినబడుతుంది: "తాళం వేసేరాండి?"

ఒకసారి మా మరిది ఊరుకోలేక అన్నాడు: "ప్రభుత్వం ఐదేళ్ళకోసారి అడిగితే ఒళ్ళు మండింది. మీ కోడలు రోజూ అడుగుతుంటే మండదేంటండి నాన్నగారూ?"

"ప్రభుత్వం నాకు మనవరాల్ని ఇచ్చిందేంట్రా" అన్నారాయన.

ఆ ప్రశ్న వచ్చేసరికి ఆయన మెట్లకింద గది దాకా నడుచుకెళ్ళి, పెట్టె తలుపు ఒకసారి లాగి చూసుకుని, అప్పుడు చెబుతారు. వేశానని తెలిసినా లాగి చూస్తారు. చూడకుండా చెప్పడం ఆయనకి చేతకాదు.

"ఆయ్. వేసేనమ్మా."